గ్రాండ్‌మాస్టర్ అని రాసే ముందు ఒక్క ఫోన్ చేయండి

తెలుగు దినపత్రికల జిల్లా డెస్కుల వారికి, స్పోర్ట్స్ పేజీ మిత్రులకు, చానెళ్లలో స్క్రోలింగ్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊళ్లో పిల్లలకు చెస్ నేర్పుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సెలవుల్లో టోర్నమెంట్లకు ఆర్బిటర్‌గా వెళ్తాను. క్రికెట్‌కు అంపైర్ ఎలాగో చెస్‌కు ఆర్బిటర్ అలాగ. నెత్తిన టోపీ ఉండదు, టీవీలో కనిపించడు, అంతే తేడా.

నెలకో రెణ్నెల్లకో నా ఫోన్‌కి ఒక పేపర్ కటింగ్ వస్తుంది. కింద "మాస్టారూ, మన జిల్లా కుర్రాడు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడంట, మీ శిష్యుడేనా?" అని ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదువుతాను. ఆ పిల్లాడు జిల్లా అండర్-11లో మూడో స్థానం తెచ్చుకుని ఉంటాడు. లేదా రేటింగ్, అంటే ఆట బలాన్ని లెక్కగట్టే అంకె, 2200 చేరి క్యాండిడేట్ మాస్టర్ అనే మొదటి మెట్టు హోదా తెచ్చుకుని ఉంటాడు, అది నిజంగా గొప్పే. లేదా పెద్ద హోదాకి కావలసిన మెట్లలో ఒకటి, మేం నార్మ్ అంటాం, ఎక్కడో వచ్చి ఉంటుంది. గ్రాండ్‌మాస్టర్ మాత్రం అయి ఉండడు. అయి ఉంటే మీ పేపర్ అచ్చుకాక ముందే, ఆ రాత్రే, మా వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయి ఉండేవి.

ఇదేదో అచ్చుతప్పు లాంటి చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. "బుల్లి గ్రాండ్‌మాస్టర్", "చదరంగంలో చిచ్చరపిడుగు" అని రాస్తే ముద్దుకి రాశారులే అనుకుని కటింగ్ ఫైల్లో పెట్టుకునేవాణ్ని. ఒక అమ్మాయి విషయం జరిగాక అలా అనుకోవడం మానేశాను.

ఆ అమ్మాయి పేరు చెప్పను. ఆ పత్రిక పేరూ చెప్పను. తండ్రి మిర్చి కొట్లో గుమాస్తా, తల్లి ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. ఎనిమిదో ఏట నా దగ్గర చేరింది. పదహారో ఏట వేరే రాష్ట్రంలో జరిగిన టోర్నమెంట్‌లో మహిళా ఇంటర్నేషనల్ మాస్టర్ హోదాకు కావలసిన మొదటి నార్మ్ తెచ్చుకుంది. రైలు దిగీ దిగగానే నేనే తెల్లకాగితం మీద నోట్ రాసి విలేకరికి ఇచ్చాను. "మూడు నార్మ్‌లలో మొదటిది సాధించింది, ఇంకా రెండు సాధించాలి, రేటింగ్ 2200 చేరాలి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మర్నాడు పొద్దున జిల్లా ఎడిషన్‌లో నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్: "గ్రాండ్‌మాస్టర్‌గా గుమాస్తా కూతురు".

ప్రాస బాగా కుదిరింది, కాదనను. రాత్రి పదకొండింటికి, పేజీ వెళ్లిపోయే వేళకి, పది వార్తల మధ్య నా కాగితం చూసిన సబ్ ఎడిటర్ మీద నాకు కోపం లేదు. ఆ తరవాత జరిగింది మాత్రం చెప్పాలి.

కాలేజీ వాళ్లు గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఎమ్మెల్యే గారొచ్చి శాలువా కప్పారు. మైకులో "మన ఊరి కోనేరు హంపి" అన్నారు. అమ్మాయి తల వంచుకుని నిలబడింది. "సార్, నేను కాదని చెప్పండి సార్" అని నా చొక్కా పట్టుకుని మెల్లగా అంది. అంతమంది ముందు, అన్ని దండల మధ్య, నేనెలా చెప్పను? చెప్పలేదు. ఆ తప్పు నాది కూడా.

పది రోజుల తరవాత పక్క జిల్లాలో రేటింగ్ టోర్నమెంట్. గోడ మీద పెయిరింగ్స్ కాగితం, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా, అంటించారు. చెస్ ఆడని వాళ్ల కోసం చెబుతున్నా: ఆ కాగితంలో పేరు ముందు ఒక చిన్న గడి ఉంటుంది. అక్కడ జీఎం (గ్రాండ్‌మాస్టర్), ఐఎం (ఇంటర్నేషనల్ మాస్టర్), ఎఫ్ఎం (ఫిడే మాస్టర్) అని టైటిల్ పడుతుంది. టైటిల్ లేని వాళ్లకి ఆ గడి ఖాళీ. ఎవరో ఒక పిల్లాడి తండ్రి వేలితో ఆ గడి మీద కొట్టి, "ఇదేంటి, జీఎం అన్నారు పేపర్లో, ఇక్కడేం లేదే?" అని పెద్దగా అన్నాడు. పిల్లలు నవ్వారు. రెండు రోజులూ ఆ హాల్లో ఆమెని "జీఎం గారూ" అనే పిలిచారు. ఆ మొదటి రౌండ్లో 1400 రేటింగ్ ఉన్న కుర్రాడి చేతిలో, గుర్రం గాల్లో ఉందని చూసుకోకుండా, ఇరవై ఎత్తుల్లో ఓడిపోయింది. ఎనిమిదేళ్లలో నేనెప్పుడూ ఆమె అలా పావు వదిలేయడం చూడలేదు.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మా ఊళ్లో ఒక రైస్ మిల్లు యజమాని ఉన్నారు. అంతకు ముందు రెండుసార్లు ఆ అమ్మాయి ప్రయాణ ఖర్చులు ఆయనే పెట్టారు. రెండో నార్మ్ కోసం సెర్బియా వెళ్లాలని తండ్రి, నేను వెళ్లి కూర్చున్నాం. ఆయన టీ తెప్పించి, నవ్వుతూ, "అదేంటి మాస్టారూ, పాప గ్రాండ్‌మాస్టర్ అయిపోయిందిగా! పేపర్లో నేనే చదివాను. ఇంకా ఎక్కడికెళ్లాలి? ఈసారి వేరే పిల్లలెవరికైనా చేద్దాం" అన్నారు. మనిషి మంచివాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? కొండెక్కేశారని పేపర్లో పడ్డాక ఎక్కడానికి తాడెవరిస్తారు? ఆ సెర్బియా ప్రయాణం జరగలేదు.

అందుకని ఈ ఉత్తరం. మీకు చెస్ నేర్పడానికి కాదు. ఆ ఒక్క మాట వెనక ఎంత లెక్క ఉందో ఒకసారి మీ ముందు పరుస్తాను, ఓపిక పట్టండి.

చెస్‌లో హోదాలిచ్చేది ఫిడే. 1924లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ సంస్థ. ఇది ఇచ్చే అతిపెద్ద హోదా గ్రాండ్‌మాస్టర్, దాని పైన ఇంకోటి లేదు. దాని కింద ఇంటర్నేషనల్ మాస్టర్, ఆ కింద ఫిడే మాస్టర్, అందరికంటే కింద క్యాండిడేట్ మాస్టర్. ఈ చివరిదాన్ని పొట్టిగా సీఎం అంటాం, దాంతో మా పిల్లలు పడే తిప్పలు వేరే. "మా వాడు సీఎం అయ్యాడండీ" అని ఓ తండ్రి ఆఫీసులో చెబితే మిఠాయి తినాలో, దరఖాస్తు ఇవ్వాలో తెలియక అందరూ చూశారట.

కింది రెండింటికీ రేటింగ్ చాలు. క్యాండిడేట్ మాస్టర్‌కి 2200, ఫిడే మాస్టర్‌కి 2300. కొన్ని ఖండస్థాయి పిల్లల పోటీల్లో గెలిచినా నేరుగా వస్తాయి. పై రెండింటి దగ్గరే మెలిక. గ్రాండ్‌మాస్టర్‌కి రేటింగ్ 2500 తాకాలి, దానికి తోడు నార్మ్‌లు కావాలి, మామూలుగా మూడు, మొత్తం కలిపి కనీసం 27 ఆటలు. నార్మ్ అంటే ఏమిటని ప్రతి విలేకరీ అడుగుతాడు. తెలుగులో దీనికి మాట లేదు, నేనూ పుట్టించలేను. ఒక టోర్నమెంట్ మొత్తం 2600 స్థాయి ఆటగాడిలా ఆడావని దొరికే సాక్ష్యం, అంతే. ఆ సాక్ష్యం మూడుసార్లు చూపించాలి.

ఊరికే గెలిస్తే సరిపోదు. ఎవరి మీద గెలిచావన్నది ముఖ్యం. తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్ అనుకోండి. ఎదురుపడిన తొమ్మిది మందిలో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు ఉండాలి. సగం మందికి టైటిళ్లుండాలి, అందులో క్యాండిడేట్ మాస్టర్లు లెక్కలోకి రారు. మామూలుగా మన దేశం కాక ఇంకో రెండు దేశాల వాళ్లయినా తగలాలి. ప్రత్యర్థుల సగటు రేటింగ్ 2380కి తగ్గకూడదు. ఆ సగటు దగ్గర తొమ్మిదింటికి ఏడు పాయింట్లు చేస్తేనే నార్మ్. సగటు పెరిగే కొద్దీ పాయింట్లు తగ్గుతాయి.

ఈ సగటు దగ్గరే పిల్లల కొంపలు మునిగేది. పెద్ద ఓపెన్ టోర్నమెంట్‌లో చివరి రౌండ్‌కి పెయిరింగ్స్ పడగానే తల్లిదండ్రులు నా బల్ల దగ్గరకొస్తారు. "సార్, మావాడికి డ్రా చాలా? గెలవాలా?" పెయిరింగ్ కాగితం వెనక లెక్క వేస్తాను. ఎనిమిది రౌండ్లలో ఆరు పాయింట్లున్నాయి. చివరి ప్రత్యర్థితో కలిపి సగటు 2434 అయితే ఆరున్నర చాలు, అంటే డ్రా చేసుకున్నా నార్మ్. 2433 అయితే ఏడు కావాలి, అంటే గెలవాల్సిందే. ఒక్క రేటింగ్ పాయింట్ తేడా.

ఒక కుర్రాడికి ఆ 2433 పడటం నా కళ్లతో చూశాను. వాడు నల్లపావులతో ఆడుతున్నాడు. ముప్పై ఎత్తులకల్లా ఆట సమానం. అవతల కూర్చున్న విదేశీ గ్రాండ్‌మాస్టర్, యాభై దాటిన మనిషి, డ్రా అడిగాడు. మామూలు రోజైతే ఆ వయసు కుర్రాడు ఆ చెయ్యి పట్టుకుని ఫొటో దిగేవాడు. వీడు తల అడ్డంగా ఊపాడు. ఏనుగుని ఆరో అడ్డవరసకి లేపి, బంటు ఇచ్చి, గెలుపు కోసం గోడ తవ్వుతూనే ఉన్నాడు. గడియారంలో సెకన్లు మిగిలాయి. చివరికి రెండు రాజులు, ఒక శకటు మిగిలాయి. ఇక ఎవరూ గెలవలేరు. స్కోర్‌షీట్ మీద సగం పాయింట్ రాసి సంతకం పెడుతుంటే పెన్ను కాగితాన్ని చింపేసింది. హాల్ బయట మెట్ల దగ్గర వాళ్ల నాన్న ప్లాస్టిక్ కప్పులో టీ పట్టుకుని నిలబడ్డాడు. కొడుకుని చూసి ఏమీ అడగలేదు, కప్పు వాడి చేతికిచ్చాడు. ఇప్పటికీ వాడు ఆ నార్మ్ కోసం తిరుగుతూనే ఉన్నాడు.

ఆ కుర్రాడికి అంతకు ఏడాది ముందే మీ పేపర్లలో ఒకటి గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చేసింది.

తమిళనాడు ఆటగాడు శ్యామ్‌నిఖిల్ సంగతి చూడండి. 2012 నాటికే ఆయనకి 2500 రేటింగ్, రెండు నార్మ్‌లు ఉన్నాయి. మూడోది ఒక్కటే బాకీ. అది 2024 మే నెలలో దుబాయ్‌లో దొరికింది. పన్నెండేళ్లు! పుష్కరానికి గానీ మూడో మెట్టు ఎక్కలేకపోయాడు. ఈ పన్నెండేళ్లలో ఏ రోజైనా ఎవరైనా ఆయన్ని పొరపాటున గ్రాండ్‌మాస్టర్ అని రాసి ఉంటే, అది ఆయనకి పొగడ్తగా వినిపించి ఉంటుందా?

ఇంకో వైపు చూడండి. నాగ్‌పూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ 2025 జూలైలో జార్జియాలోని బటుమిలో మహిళల ప్రపంచ కప్ ఆడటానికి వెళ్లినప్పుడు ఇంటర్నేషనల్ మాస్టరే. ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా చేతిలో లేదు. కప్పు గెలిచిన వాళ్లకి హోదా నేరుగా ఇవ్వాలని నిబంధన ఉంది. గెలిచింది, మన దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఫైనల్లో ఓడింది ఎవరనుకున్నారు, మన గుడివాడ హంపి. ఆ రోజు ఆ విషయం సరిగ్గా రాసిన పేపర్లున్నాయి, "మూడో నార్మ్‌తో జీఎం" అని రాసినవీ నా కంటపడ్డాయి.

ఇప్పుడు అసలు ముళ్లపొద దగ్గరకొద్దాం. డబ్ల్యూజీఎం. మహిళా గ్రాండ్‌మాస్టర్.

ఇది వేరే హోదా. మహిళలకు విడిగా ఫిడే 1976లో మొదలుపెట్టింది. దీనికి రేటింగ్ 2300 చాలు, నార్మ్‌లు 2400 స్థాయిలో. అంటే గ్రాండ్‌మాస్టర్ కంటే రేటింగ్‌లో రెండొందల పాయింట్లు కింద, ఇంటర్నేషనల్ మాస్టర్ కంటే కూడా కింద. "డబ్ల్యూజీఎంగా ఉన్న ఫలానా అమ్మాయి ఐఎం అయింది" అంటే పైకి ఎక్కినట్టు. మీలో ఒకాయన ఓసారి దీన్నే "హోదా తగ్గింది" అని రాశారు. ఆ అమ్మాయి తల్లి నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఇక్కడ పొరపాటు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. హెడ్డింగ్‌లో చోటుండదు. "మహిళా" తీసేస్తారు. అమ్మాయి ఫొటో పక్కనే ఉంది, మళ్లీ మహిళా అనడం ఎందుకని కూడా అనిపిస్తుంది. మహిళా డాక్టర్, మహిళా లాయర్ అనడం మానేసిన రోజుల్లో అలా అనిపించడం మంచిదే. కానీ ఇక్కడ ఆ మాట మనిషి గురించి చెప్పట్లేదు, హోదా పేరులో భాగం. అది తీసేస్తే హోదా మారిపోతుంది.

అసలా పేరే బాగాలేదనే వాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. విడి హోదా ఉంటే నార్మ్ టోర్నమెంట్లకు ఆహ్వానాలొస్తాయి, అమ్మాయిలు మధ్యలో ఆట మానకుండా ఉంటారు, నిజమే. దానికి వేరే పేరు పెట్టి ఉంటే ఈ తికమక ఉండేది కాదు. హంగరీ ఆటగత్తె జూడిట్ పోల్గర్ ఆ మహిళా హోదా జోలికే పోలేదు, 1991లో పదిహేనేళ్లకే పూర్తి గ్రాండ్‌మాస్టర్ అయింది. కానీ ఆ వాదన ఫిడేతో చేయాలి, మీతో కాదు. పేరు ఉన్నంతకాలం మీరు దాన్ని ఉన్నట్టు రాయాలి.

ఎందుకు ఇంత పట్టుపడుతున్నానంటే, పూర్తి గ్రాండ్‌మాస్టర్లయిన మహిళలు ప్రపంచం మొత్తం మీద నలభై పై చిలుకు. హోదా అందుకున్న వాళ్లందరినీ కలిపితే రెండు వేలు దాటతారు. ఆ నలభై పై చిలుకులో ఇద్దరు కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు! హంపి 2002లో అయింది, 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో. అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన అమ్మాయిగా జూడిట్‌కి ఉన్న రికార్డుని మూడు నెలల తేడాతో కొట్టింది. 2008లో చైనా అమ్మాయి హౌ యిఫాన్ వచ్చేవరకు ఆ రికార్డు గుడివాడదే. గుంటూరు హారిక 2011లో అయింది. చిన్నప్పుడే తెచ్చుకున్న డబ్ల్యూజీఎం తరవాత ఎన్నో ఏళ్లు ఆడి ఆ మెట్టెక్కింది. ఆ తరవాత పూర్తి గ్రాండ్‌మాస్టర్ అయిన మూడో భారతీయ మహిళ, చెన్నై వైశాలి, 2500 దాటడానికి 2023 డిసెంబర్ దాకా పట్టింది. హారికకీ వైశాలికీ మధ్య పన్నెండేళ్లు ఒక్కరూ లేరు. ఆ పన్నెండేళ్లలో మన పేపర్లు ఎంతమంది అమ్మాయిల్ని గ్రాండ్‌మాస్టర్లని చేశాయో నా ఫైల్లో ఉంది. హంపి, హారిక చేసిందేమిటో మన పాఠకులకి అర్థం కాకపోవడానికి అదే కారణం. అందరూ అవుతున్నప్పుడు వాళ్ల గొప్పేముందనుకుంటారు.

మగవాళ్ల విషయంలో కాస్త నయం. గుంటూరు హరికృష్ణ 2001లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు పేపర్లన్నీ సరిగ్గానే రాశాయి. అప్పటికి దేశంలో ఉన్నదే అరడజను లోపు, తప్పు రాయడానికి అవకాశం తక్కువ. హనుమకొండ అర్జున్ ఇరిగేశి 2018లో అయ్యాడు, తెలంగాణకి మొదటివాడు. 2024 డిసెంబర్ జాబితాలో 2800 దాటాడు, ఆనంద్ తరవాత ఆ గీత దాటిన భారతీయుడు అతనొక్కడే అప్పటికి. అతని గురించి "సూపర్ గ్రాండ్‌మాస్టర్ హోదా" అని రాస్తున్నారు. అలాంటి హోదా లేదండీ. 2700 దాటిన వాళ్లని మాటవరసకి అలా అంటారు, అంతే. ఫిడే కాగితం మీద అర్జునూ జీఎం, 2510 దగ్గర ఆగిపోయిన వాడూ జీఎం. గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినా అతని పేరు ముందు గడిలో ఉండేవి ఆ రెండక్షరాలే.

ఈ హోదా ఒకసారి వస్తే చచ్చేదాకా ఉంటుంది. రేటింగ్ పడిపోయినా పోదు. మోసం చేస్తే మాత్రం పీకేస్తారు. లాట్వియాకి చెందిన రౌసిస్ 2019లో స్ట్రాస్‌బర్గ్ టోర్నమెంట్‌లో టాయిలెట్లో ఫోన్‌తో దొరికాడు, హోదా పోయింది.

చచ్చాక కూడా ఒకరికి వచ్చింది. ఆయన కథ మీ ఆదివారం అనుబంధాలకి పనికొస్తుంది, ఉచితంగా ఇస్తున్నాను. మీర్ సుల్తాన్ ఖాన్, అవిభక్త పంజాబ్ వాడు. ఒక జమీందారు కొలువులో ఉంటూ ఆయన వెంట ఇంగ్లండ్ వెళ్లాడు. 1929, 1932, 1933, మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్. హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాని ఓడించాడు, అంతకు మూడేళ్ల ముందు వరకు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకాని! తరవాత జమీందారుతో పాటే తిరిగొచ్చి ఊళ్లో ఉండిపోయాడు. 1950లో ఫిడే మొదటిసారి 27 మందికి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. అప్పటికి ఆడటం ఎప్పుడో మానేసిన పాతతరం వాళ్లకీ గౌరవంగా ఇచ్చారు. ఎనభై అయిదేళ్ల మీజెస్‌కి ఇచ్చారు. బతికే ఉన్న సుల్తాన్ ఖాన్ ఎవరికీ గుర్తురాలేదు. ఆయన 1966లో పోయాడు. 2024లో ఫిడే గౌరవ గ్రాండ్‌మాస్టర్ అని ప్రకటించింది. నిజంగా దక్కాల్సిన వాడికి డెబ్బై నాలుగేళ్లు ఆలస్యంగా ఇచ్చిన మాటని మనం జిల్లా అండర్-11 వాడికి హెడ్డింగ్ కోసం ఇచ్చేస్తున్నాం.

(1914లో రష్యా జార్ చక్రవర్తి ఐదుగురికి ఈ బిరుదిచ్చాడని ఒక కథ మీ పాత ఫైళ్లలో తప్పకుండా ఉంటుంది. చరిత్రకారులు దాన్ని నమ్మట్లేదు. మళ్లీ వేయకండి.)

ఇంకో రెండు గోతులున్నాయి, జాగ్రత్త. ఒకటి, ఆన్‌లైన్ ఎరీనా టైటిళ్లు. ఫిడే వాళ్ల ఆన్‌లైన్ వేదికలో ఆడే వాళ్లకి "ఎరీనా గ్రాండ్‌మాస్టర్" లాంటివి ఇస్తారు. మొదట్లో నేర్చుకునే వాళ్లని ప్రోత్సహించడానికి పెట్టినవి. బోర్డు ముందు కూర్చుని ఆడి తెచ్చుకునే గ్రాండ్‌మాస్టర్‌తో వీటికి పోలిక లేదు. మీ దగ్గరకొచ్చే సర్టిఫికెట్ మీద ఫిడే ముద్ర నిజమే ఉంటుంది, అందుకే మోసపోతారు. ముందున్న "ఎరీనా" అనే మాట చూడండి. రెండోది రికార్డుల పుస్తకాల వాళ్లు రుసుము తీసుకుని పంపే "గ్రాండ్‌మాస్టర్" పతకాలు. పిల్లాడు నిమిషంలో దేశాల రాజధానులు చెప్పినందుకు వచ్చిన పతకాన్ని పట్టుకుని చదరంగం బల్ల ముందు ఫొటో దిగితే, ఆ ఫొటో ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రుల తప్పు లేదా అంటే ఉంది. మా కోచ్‌ల తప్పూ ఉంది. విలేకరికి ఫోన్ చేసి "సార్, గ్రాండ్‌మాస్టర్ అని వేయండి, ఎలాగూ అవుతాడు" అన్న కోచ్ నాకు తెలుసు. అకాడమీ అడ్మిషన్లు ఆ కటింగ్ మీదే నడుస్తాయి. మా ఇంటి చెత్త మా గుమ్మంలోనే ఊడ్చుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ అచ్చయిన మాటకి ఉన్న బరువు మా మాటకి లేదు. మిల్లు యజమాని నమ్మింది మిమ్మల్ని. కలెక్టరాఫీసులో దరఖాస్తుకి జత చేసేది మీ కటింగే. క్రీడా కోటాలో సీటుకి వెళ్లినప్పుడు అక్కడ కూర్చున్న గుమాస్తా కటింగ్‌ని, ఫిడే కాగితాన్ని పక్కపక్కన పెట్టి పిల్లాణ్ని దొంగని చూసినట్టు చూస్తాడు. పిల్లాడు రాయని అబద్ధానికి పిల్లాడే జవాబు చెప్పుకోవాలి.

కాబట్టి అడిగేది పెద్దదేం కాదు. ఫిడే రేటింగ్స్ సైట్‌లో ఆటగాడి పేరు కొట్టండి. టైటిల్ ఉంటే ఎదురుగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిందైతే అక్కడ పడటానికి కొన్నాళ్లు పట్టవచ్చు, అప్పుడు ఆ టోర్నమెంట్ ఆర్బిటర్‌ని అడగండి. నార్మ్ అయితే నార్మ్ అనే రాయండి, "మూడింటిలో ఒకటి" అని పక్కనే రాస్తే మిల్లు యజమానికి కూడా అర్థమవుతుంది, ఇంకా రెండున్నాయని తెలుస్తుంది. "మరో రెండు అడుగులే" అని హెడ్డింగ్ పెట్టండి, చదివేవాడికి మజా తగ్గదు. రేటింగ్‌ని ర్యాంకు అని రాయకండి, అవి రెండూ వేరు. 2150వ ర్యాంకు సాధించాడని చదివి ఒక తాతగారు మనవణ్ని ఓదార్చాడు.

మీ దగ్గర గట్టి క్రీడా విలేకరులు లేకపోలేదు. హంపి ఆట ఎత్తు ఎత్తునా రాసిన వాళ్లున్నారు. గుకేశ్ సింగపూర్‌లో గెలిచిన రాత్రి తెలుగులో వచ్చిన కొన్ని వార్తలు నేను అకాడమీ గోడకి అంటించాను. నా బాధంతా జిల్లా పేజీ గురించే. మా పిల్లలు పుట్టేదీ, పెరిగేదీ, సగంలో ఆగిపోయేదీ అక్కడే.

ఆ గుమాస్తా కూతురు ఆట మానలేదు. రెండో నార్మ్ ఏడాదిన్నర ఆలస్యంగా, మన దేశంలోనే తెచ్చుకుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆదివారాలు నా దగ్గర చిన్నపిల్లలకి గుర్రం నడక నేర్పుతోంది. వచ్చే నెల మూడో దానికి వెళ్తోంది. తండ్రి మిర్చి కొట్లో అడ్వాన్స్ తీసుకున్నాడు, మిగిలింది మేం నలుగురం వేసుకున్నాం. ప్రెస్ నోట్ ఇప్పుడే రాసి పెట్టాను. టోర్నమెంట్ పేరు, పాయింట్ల దగ్గర ఖాళీ వదిలాను. ఒకవేళ నార్మ్ వస్తే ఆమె మహిళా ఇంటర్నేషనల్ మాస్టర్ అవుతుంది, రేటింగ్ ఇప్పటికే దాటింది. ఆ రోజు ఊళ్లో సగం మంది "అదేంటి, ఎప్పుడో గ్రాండ్‌మాస్టర్ అయింది కదా, ఇప్పుడు కిందకి దిగిందా?" అంటారని ఆమెకి ఇప్పటి నుంచే భయం.

నా నంబర్ మీ జిల్లా విలేకరి దగ్గరుంది. రాత్రి పదకొండింటికి చేసినా ఎత్తుతాను. ఆ వేళకి ఎక్కడో ఎవరో మన పిల్లాడు ఆఖరి రౌండ్ ఆడుతూనే ఉంటాడు, నేను మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
ఒక చెస్ మాస్టారు
(బడి మాస్టర్ అన్న అర్థంలోనే. నాకే టైటిలూ లేదు.)